కార్డు మాట మొదట ఎత్తినవాడు

“అక్కడ ఆపీకు మనవరాలా. సన్న తాడు కాడే ఆపీసినావు. రాయి… సన్న తాడు ఇసిరినోడికి… దాని ఎనకాల ఏటొస్తాదో తెలుసు. రాసినావా?”

“నువ్వు సెప్పేలోగా నాలుగుసార్లు రాసి రెండుసార్లు కొట్టీసినాను తాతా,” అంది నిఖిత. “నీ స్పీడుకి నా చెయ్యి తిమ్మిరెక్కిపోతంది.”

సూరన్న నవ్వలేదు. ఇక్కడ నవ్వాలని తెలుస్తూనే ఉంది, నవ్వు మాత్రం రాలేదు. రెండేళ్ళుగా అంతే.

ఆయన మాట మొదటినించీ నెమ్మదే. పోర్టులో ముప్పైనాలుగేళ్ళు కలాసీగా చేశాడు. “సూరన్నని పేరడిగితే, ఆడు సెప్పేలోగా ఓడ సరుకు దింపుకొని ఎల్లిపోద్ది” అని గ్యాంగులో వాళ్ళు ఎకసెక్కాలాడేవారు. చేతులు మాత్రం నెమ్మది కాదు. ఓడ జెట్టీకి చేరుతుంటే పైనించి ముందుగా ఒక సన్న తాడు విసురుతారు, చిటికెన వేలంత. ఒడ్డున ఉన్న కలాసీలు దాన్ని అందుకొని లాగుతారు. దాని కొసకు మనిషి తొడంత మోకు కట్టి ఉంటుంది. సన్న తాడు చేతికొచ్చాక మోకు రాకుండా ఉండదు. దాన్ని ఈడ్చుకొచ్చి ఇనుప గుంజకు తగిలిస్తే కొండంత ఓడ కూడా కదలకుండా నిలబడుతుంది. ఆయనకు తెలిసిన చదువు అదే. సంతకం వరకు వచ్చు. చదవడం రాదు.

గాజువాకలో వాళ్ళ ఇంటి ముందు అరుగుమీద ఆదివారం మధ్యాహ్నం తాతా మనవరాలూ కూర్చున్నారు. కొడుకు గవర్రాజు, కోడలు కనకరత్నం ఆనందపురంలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళారు. మనవడు నాగవంశీ ఆటోనగర్‌లో లేతు షెడ్డుకు పోయాడు. ఆదివారమైనా పోతాడు. ఇంట్లో ఉండలేడు. మేడమీద గది తలుపుకు కొత్త చెక్క వేయించారు గానీ రంగు వేయించలేదు. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు.

మంగళవారం కోర్టు. సూరన్న బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. నాగవంశీ భార్య ఆశాజ్యోతి ఆ పై గదిలో చనిపోయిన కేసు అది. గడియ పెట్టుకుంది. తలుపు బద్దలు కొట్టేసరికి అయిపోయింది. పెళ్ళయి అప్పటికి మూడేళ్ళు. ఆమెకు ఇరవై నాలుగు.

ప్లీడరు అనూరాధ గారు మొదటి రోజునే అందర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. పెళ్ళయిన ఏడేళ్ళ లోపల ఆడపిల్ల మామూలుగా కాకుండా చనిపోతే, చనిపోయే ముందు దగ్గర్లో కట్నం కోసం వేధించారని రుజువైతే, ఆ చావుకు కారణం మొగుడూ అత్తామామలే అని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని చూపించుకోవలసిన బరువు వీళ్ళమీద పడుతుంది. ఏడేళ్ళకు తక్కువ శిక్ష ఉండదు. యావజ్జీవం దాకా వెయ్యొచ్చు. నాగవంశీ ఏ-వన్. గవర్రాజు ఏ-టూ. కనకరత్నం ఏ-త్రీ. పెద్దవాళ్ళిద్దరికీ రెండు నెలలకు బెయిలు వచ్చింది, నాగవంశీకి అయిదు నెలలకు.

సూరన్న పేరు కేసులో లేదు.

“అదే మనకు బలం,” అంది అనూరాధ గారు మొన్న శుక్రవారం. “తాతగారూ, ఈ పెళ్ళి కుదిర్చింది మీరు. పెద్దవారు. మీమీద కేసు లేదు. మీ మాటకు విలువ ఉంటుంది. అమ్మాయి తండ్రి, ఉద్యోగం కార్డు కోసం వేధించారంటున్నాడు. కార్డు అమ్మాయి చేతికిచ్చి పంపానంటున్నాడు. పోలీసులు ఇల్లంతా వెతికితే మీ ఇంట్లో ఏ కార్డూ దొరకలేదు. కనక మిమ్మల్ని రెండే అడుగుతాను. కార్డు ఎవరైనా అడిగారా? చనిపోయే ముందు ఆ విషయంలో గొడవ జరిగిందా? జరిగింది చెప్పండి, చాలు.”

సూరన్న నోరు తెరిచాడు. మాట గొంతులోంచి బయలుదేరి నాలుక మీదికి వచ్చేలోగానే గవర్రాజు అందుకున్నాడు. “లేదు మేడమ్. రెండిటికీ లేదు. మా నాన్నకి మాట లేటు. రెండు లేదులే కదా, సెప్పెస్తాడు.”

ప్లీడరు గారు ముసలాయన వంక చూసింది. “అంతేనా తాతగారూ?”

సూరన్న తల ఎటు ఊపాడో ఆయనకే తెలియలేదు.

“తాతా, ఏటాలోచిస్తన్నావు?” అంది నిఖిత. నర్సింగు మూడో సంవత్సరం. రాత చక్కగా ఉంటుంది. “సన్న తాడు గొడవేటి అసలు? కోర్టులో నువ్వు రెండు లేదులు సెప్పాలి. దానికి ఓడలెందుకు?”

“ఇది కోర్టుకి కాదు.”

“మరెవరికి?”

“ముందు రాయి. ఎవరికో సివర్న సెప్తాను.”

నిఖిత పెన్ను జాడించి మళ్ళీ పుస్తకం మీదికి వంగింది.

పెళ్ళి మాట పోర్టు గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర మొదలైంది. సూరన్న రిటైరై చాలా ఏళ్ళయినా నెలకోసారి అక్కడికి వెళ్ళి కూర్చునేవాడు. తవిటయ్య కూడా వచ్చేవాడు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు లేచిపోయినప్పుడు తవిటయ్య పొలం పోయింది. కొన్నాళ్ళు పోర్టులో సూరన్న గ్యాంగులోనే కూలికి చేశాడు. అప్పటినుంచీ ఒకరికొకరు బావ. చుట్టరికం లేదు. చుట్టరికం కన్నా ఎక్కువే. ఓసారి మోకు తెగి వెనక్కి కొట్టినప్పుడు తవిటయ్య సూరన్నను పక్కకు తోసేశాడు. ఆ మోకు కొస తవిటయ్య కుడి చెవిని తాకింది. ఆ చెవి ఇప్పటికీ వినపడదు.

భూమి పోయిన ఇంటికి ఒక కార్డు ఇచ్చారు. ఆర్ కార్డు అంటారు. దానిమీద ఇంటికొక ఉద్యోగం అన్నారు. తవిటయ్యకు రాలేదు. వరస రాలేదన్నారు, తరవాత వయసు దాటిపోయిందన్నారు. తవిటయ్య మాత్రం కార్డును పెట్టెలో అడుగున, పెళ్ళాం పట్టుచీర మడతలో దాచాడు. కొడుకులు లేరు. ఒక్కతే కూతురు.

“నీ బొట్టిని మా వంశీకి ఇచ్చీ బావా,” అన్నాడు సూరన్న ఆ రోజు.

తవిటయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. “నాకాడ ఏటున్నాది బావా ఇయ్యడానికి? కాలనీలో రెండు గదుల ఇల్లు. అదీ కారతాది.”

“కట్నమెవడడిగినాడు నిన్ను? నాను సచ్చినా అడగను. నీ కార్డు ఉన్నాది కదా, అది ఆడి పేరున రాసీ. అల్లుడికి కూడా రాయొచ్చంట కదా. ఆడికి పర్మినెంటు ఉద్యోగమొస్తే తినేది ఎవులు? నీ కూతురే కదా.”

తవిటయ్య గ్లాసు పక్కకు జరిపాడు. “అది కాగితం బావా. దానిమీద ఉద్యోగం ఎప్పుడొస్తాదో ఎవులికి తెలుసు?”

“వచ్చినప్పుడే వస్తాది. నాకేటి తొందర?”

అలా కుదిరింది. డబ్బు లేదు, బంగారం లేదు, బండి లేదు. పెళ్ళి పందిట్లో సూరన్న చేతులు వెనక్కి కట్టుకొని తిరుగుతూ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. “మేం పైసా ముట్టుకోలేదు.” ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. కార్డు కట్నమని ఆయనకు తట్టనేలేదు. భూమి పోయినవాళ్ళ ఇళ్ళలో కార్డంటే ఇంకో మనిషి లాంటిది. ఆ మనిషిని పిల్లతోబాటు పంపమన్నాడు, అంతే అనుకున్నాడు.

“ఇది కూడా రాయాలా?” అంది నిఖిత. “నువ్వే అడిగినావని?”

“అదే రాయాలి.”

“మా అమ్మ ఎప్పుడూ సెప్తాది, తవిటయ్య తాతే ఇస్తానన్నాడని.”

“మీ అమ్మ టీకొట్టు కాడ లేదు. నానున్నాను.”

ప్లాంటులో కొత్తవాళ్ళను తీసుకోవడం అప్పటికే ఆగిపోయింది. కార్డు పేరు మార్పించడానికి రెండుసార్లు తిరిగారు, పని కాలేదు. నాగవంశీ అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు. మూడు నెలలుంటే రెండు నెలలు ఉండేది కాదు. పని ఆగిన నెలల్లో కార్డు మాట ఇంట్లోకి వచ్చేది. మొదట్లో అది వేళాకోళంగానే వచ్చింది.

“ఉద్యోగాన్ని ఎంటబెట్టుకొని పెళ్ళాం వస్తాదన్నారు,” అనేవాడు నాగవంశీ. “పెళ్ళామొక్కత్తే వచ్చినాది. ఉద్యోగం బస్సు మిస్సయినట్టుంది.”

ఆశాజ్యోతి కూడా నవ్వేది. “టికెట్టు మా నాన్నకాడుంది, రేపొస్తాదిలే.”

రెండో ఏడు నవ్వు పోయింది. మాట మాత్రం ఉండిపోయింది. కనకరత్నం కూర తరుగుతూ గోడతో మాట్లాడినట్టు మాట్లాడేది. “కట్నం లేని పెళ్ళని ఊరంతా సాటించినారు. కార్డు మాత్రం పెట్టెలో ఎట్టి తాళం ఏసుకున్నాడు పెద్దమనిషి. ఏ అన్నకొడుక్కో ఇచ్చుకుంటాడు కామోసు. మనమేటి, ఎర్రోళ్ళం.” గవర్రాజు ఏమీ అనేవాడు కాదు. అన్నం మధ్యలో కంచం తోసేసి లేచిపోయేవాడు. ఆ కంచం ఆశాజ్యోతి కడగాలి.

ఆమె నెలకోసారి కాలనీలో పుట్టింటికి వెళ్ళేది. కార్డు అడగడానికి పంపేవాళ్ళు. వట్టి చేతులతో తిరిగొచ్చేది. కార్డు ఇస్తే దానితోబాటు కూతురి విలువ కూడా వెళ్ళిపోతుందని తవిటయ్యకు ఎవరో చెప్పారు. “పేరు మార్చిన్నాడు ఇస్తాను, అప్పటిదాకా నాకాడుంటే నీకే బలం” అనేవాడు కూతురితో.

పొద్దున్నే సూరన్నకు పేపరు చదివి వినిపించేది ఆశాజ్యోతే. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ ఆయనకు పేపరు చదవలేదు. ఆయన అడగలేదు కూడా. “పోర్టు తాతా, ఏటి కావాలి నీకు? రాజకీయాలా, చావులా?” అనేది. “చావులే సదువు. మనోళ్ళెవులైనా ఉంటారు” అనేవాడు. శ్రద్ధాంజలి ప్రకటనలన్నీ చదివేది, ఫొటోల్లో ఎవరి మీసాలు బాగున్నాయో కూడా చెప్పేది. ఒకసారి, “తాతా, నీ ఫొటో మాత్రం నవ్వుతున్నది ఎయ్యమని సెప్తాను. నువ్వు నవ్వేలోగా ఫొటోగ్రాఫరు ఎల్లిపోతాడేమో” అంది.

నిఖిత పెన్ను ఆగింది. ఆమె ముక్కు ఎగబీల్చుకుంది. సూరన్న ఎదురింటి గోడ మీద ఆరేసిన గోనెసంచుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్ళు పొడిగా ఉన్నాయి. పొడిగా ఉండడం ఆయనకే వింతగా ఉండేది మొదట్లో. ఇప్పుడది కూడా లేదు.

“తరవాత సెప్పు తాతా.”

“తరవాత నీకు తెలీదు. నువ్వు హాస్టల్లో ఉన్నావు.”

రెండేళ్ళ కిందట ఒక మంగళవారం ఆశాజ్యోతి కాలనీనుంచి కార్డు తెచ్చింది. చెప్పుల్తోనే అరుగుమీద కూర్చుంది. ప్లాస్టిక్ సంచిలోంచి తీసి ముందు సూరన్నకే చూపించింది. “తాతా, ఇదిగో. మా అమ్మ ఏడ్చి ఇప్పించింది. ఇంక గొడవుండదు.” కార్డు మూలలు అరిగిపోయి ఉన్నాయి. మీద తవిటయ్య పడుచు ఫొటో. రెండు చెవులూ వినపడే రోజుల్లోది.

మర్నాడు నాగవంశీ కార్డు పట్టుకొని తెలిసినవాళ్ళ దగ్గరకూ ఆఫీసుకూ తిరిగాడు. సాయంత్రం ఆరుకు తిరిగొచ్చాడు. ఇప్పుడు ఎవరినీ తీసుకోవడం లేదని, ఈ కార్డు ఎవరి పేరున ఉన్నా ఒకటేనని చెప్పారట. బండి స్టాండు వెయ్యకుండా గోడకు ఆనించేసి మేడమీదికి పోయాడు.

“మీ బాబు ఇన్నాళ్ళూ దాసి, పనికిమాలినాక ఇచ్చినాడే! సచ్చిన కార్డు అంటగట్టినాడే!”

సూరన్న కింద ముందుగదిలో టీవీ ముందు ఉన్నాడు. కనకరత్నం వంటింట్లోంచి బయటకు వచ్చి మెట్లవైపు చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. గవర్రాజు చొక్కా వేసుకొని బయటకు పోయాడు. పైన ఏదో పడింది. తరవాత చేతి చప్పుడు. తరవాత మళ్ళీ చేతి చప్పుడు. ఆశాజ్యోతి గొంతు ఒకసారి వినిపించింది. “తాతా” అనే అంది. ఆయన విన్నాడు.

రిమోటు ఆయన ఒళ్ళోనే ఉంది. సౌండు పెంచాడు.

“పెంచినావా?” అంది నిఖిత.

“పెంచినాను. ఏదో వంట ప్రోగ్రాం. బెండకాయ. రాయి, బెండకాయ అని కూడా రాయి.”

నిఖిత రాయలేదు. కాసేపటికి రాసింది.

మర్నాడు పొద్దున మెట్ల కింద, చీపురు పక్కన కార్డు పడి ఉంది. నాగవంశీ పైనించి విసిరేసినట్టున్నాడు. ఒక మడత పడింది. సూరన్న దాన్ని తీసి తుడిచాడు. అలాంటి కాగితాన్ని తొక్కకూడదు, పారెయ్యకూడదు. పొలాలు పోయిన మనుషుల చేతుల్లో ఆ కార్డుకు ఎంత మర్యాదో ఆయనకు తెలుసు. తన పాత పోర్టు పాసు ప్లాస్టిక్ కవరులో పాసు వెనకాల పెట్టేశాడు. గొడవ చల్లారాక తవిటయ్యకు తిరిగి ఇద్దామనుకున్నాడు.

ఆ పొద్దున కూడా ఆశాజ్యోతి పేపరు పట్టుకొని వచ్చింది. ఎడమ చెంప వాచి ఉంది. కూర్చుంది గానీ పేపరు విప్పలేదు.

“తాతా, నువ్వొక మాట సెప్పు ఆళ్ళకి. నువ్వు సెప్తే ఇంటారు. కార్డు మాట నువ్వే అన్నావంట కదా. నువ్వే ఒద్దను. అయిపోద్ది.”

సూరన్న ఆలోచించాడు. కొడుకుతో ఎలా మొదలుపెట్టాలో, కోడలు ఏమంటుందో, మనవడు ఎలా చూస్తాడో ఆలోచించాడు. ఆయన ఆలోచన కూడా మాటలాగే నెమ్మది. చివరికి అన్నాడు.

“నాలుగు రోజులు పోనీ అమ్మా. అదే సర్దుకుంటాది.”

ఆమె తలూపింది. పేపరు మడత విప్పకుండానే ఆయన పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అది గురువారం. ఆదివారం పొద్దున పై గది తలుపు తీయలేదు. సూరన్న ఆ తరవాత చాలాసార్లు వేళ్ళమీద లెక్క పెట్టుకున్నాడు. గురువారాన్ని కలిపితే నాలుగు రోజులు. ఎలా లెక్క పెట్టినా ఆయన చెప్పిన గడువు దాటలేదు.

నిఖిత పుస్తకం మూసేసింది.

“తాతా. కార్డు… నీకాడుందా?”

సూరన్న చొక్కా జేబులోంచి పోర్టు పాసు కవరు తీశాడు. పాసు వెనకాల నుంచి కార్డు మూల కనిపిస్తోంది. నిఖిత చెయ్యి చాపలేదు.

“పోలీసులు ఇల్లంతా ఎతికినారు కదా!”

“నా జేబు ఎతకలేదు. ముసలోడి జేబు ఎవులు ఎతుకుతారు?”

“ఇన్నాళ్ళూ ఎవరికీ సెప్పలేదా?”

“ఎవులూ అడగలేదు. అడిగేలోగా మీ నాన్న జవాబు సెప్పెస్తన్నాడు.”

ఆమె లేచి వాకిలి దాకా వెళ్ళి గేటు గొళ్ళెం సరిచూసి తిరిగొచ్చింది. “ఇది బయటికొస్తే ఏటవుతాదో తెలుసా? కార్డు ఇంట్లో దొరకలేదనే కదా మన కేసు నిలబడింది. నువ్వు బోనెక్కి ఇది సూపిస్తే అన్నయ్య లోపలికి పోతాడు. ఏడేళ్ళు తాతా, తక్కువలో తక్కువ. అమ్మా నాన్నా కూడా పోవచ్చు. మొదట అడిగింది నానే అన్నావనుకో, నిన్ను కూడా ఏ-ఫోర్ చేస్తారు.”

“సేసుకోనీ.”

“నువ్వు సచ్చిపోతావు జైల్లో.”

“ఇక్కడున్నా అంతే కదా మనవరాలా.”

“మరి నాను?” ఆమె గొంతు పెరిగింది. “నన్నెవులు సూస్తారు? నా పెళ్ళి సంగతేటి? ఆళ్ళు లోపలికి పోతే ఈ ఇంట్లో నానొక్కత్తినీ ఉండాలా, ఆ గదితోటి?”

సూరన్న కవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ కూర్చుంది. మోకాళ్ళమీద పుస్తకం పెట్టుకొని దాని అట్టమీద వేలితో గీతలు గీస్తూ ఉంది.

“వంశీ ఓసారి నాతో అన్నాడు,” అన్నాడు సూరన్న. “బెయిలు మీద వచ్చిన మర్నాడు. మందుబిళ్ళ తెచ్చిచ్చి, ‘కార్డు మాట మొదట ఎత్తింది నువ్వే కదా తాతా, కేసు మాత్రం నా పేరున ఉంది’ అన్నాడు. కోపంగా అన్లేదు. నిజం అన్నాడు.”

“అంటే అన్నయ్య తప్పు లేదా?”

“ఎందుకు లేదు? సెయ్యి ఆడిది. నోరు మీ అమ్మది. ఊరుకున్నది మీ నాన్న. ఈ మూడూ నాను సెప్తాను కోర్టులో. కానీ నాను కూడా ఉన్నాను కదా. నా పేరెందుకు లేదు? దానికే ఈ కాగితం.”

ఆయన పేరు కేసులో ఎందుకు లేదో నిఖితకు తెలియదు. ఆయన చెప్పాడు.

కేసు పెట్టిన రోజున ఎస్సై గారు ఇంటికి వచ్చి ఫిర్యాదు చదివి వినిపించాడు. తవిటయ్య చెప్పగా స్టేషన్లో రాసింది. ఎస్సై గారు చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి, “తాతా, నువ్వు అదృష్టవంతుడివి” అన్నాడు. “నీ పేరు కూడా రాయమంటావా అని మావాళ్ళు అడిగారట. ‘మా సూరన్న బావ పేరు రాయకండి. ఆయన మంచోడు. ఆయనకి ఏటీ తెలీదు’ అన్నాడట ఆయన. కూతురి శవం ఇంకా మార్చురీలో ఉంది అప్పటికి.”

తరవాత ఒక్కసారే తవిటయ్య ఎదురుపడ్డాడు. కోర్టు వరండాలో. వాయిదాకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గవర్రాజునూ కనకరత్నాన్నీ చూడకుండా దాటిపోయి సూరన్న ముందు ఆగాడు. “బాగున్నావా బావా?” అన్నాడు. అంతే. సూరన్న జవాబు కోసం నోరు తెరిచాడు. నోట్లో మాట తయారయ్యేలోగా తవిటయ్య ఒక్క క్షణం చూసి, మాట వినపడని చెవివైపు పడిందేమోనని తల కొద్దిగా తిప్పి, మళ్ళీ ముందుకు కదిలి వెళ్ళిపోయాడు.

“ఇప్పటికీ జవాబు సెప్పలేదు,” అన్నాడు సూరన్న.

ఎండ అరుగుమీంచి దిగి వాకిట్లోకి పోయింది. నిఖిత పుస్తకం తెరిచింది. ఎక్కడ ఆపిందో చూసుకుంది. ‘నాలుగు రోజులు పోనీ’ దగ్గర ఆపింది. మిగిలింది రాసింది. ఆయన చెప్పనిది ఒక్క ముక్క కలపలేదు. చెప్పింది ఒక్క ముక్క వదల్లేదు. ఒక చోట మాత్రం అడిగింది. “బెండకాయ ఉంచమంటావా?”

“ఉంచు.”

చివర్న ఆయన సంతకం పెట్టాడు. మూడక్షరాలకు రెండు నిమిషాలు పట్టింది.

గేటు చప్పుడైంది. గవర్రాజూ కనకరత్నమూ వచ్చారు. కనకరత్నం చేతిలో భోజనాల దగ్గర కట్టించిన పులిహోర పొట్లాలు ఉన్నాయి. మొహం మాత్రం వాడిపోయి ఉంది.

“మాట్లాడినోళ్ళు లేరు మామయ్యా,” అంది చెప్పులు విడుస్తూ. “మేం కూర్చున్న వరసలో మరెవులూ కూకోలేదు. వడ్డించినోడు కూడా మొహం సూడకుండా ఒడ్డించినాడు.” తరవాత పుస్తకం చూసింది. “ఏటి రాస్తన్నారు?”

నిఖిత తాత వంక చూసింది. సూరన్న నోరు తెరిచాడు. ఈసారి నిఖిత ఆయన బదులు చెప్పలేదు. ఎదురుచూసింది. గవర్రాజు కూడా మెట్టుమీద ఆగాడు.

“మంగళారం… నాను సెప్పబోయీదే,” అన్నాడు సూరన్న.

“బాగుంది,” అంది కనకరత్నం. “రెండు మూడుసార్లు సదివి ఇనిపించవే. బోనులో తడబడకుండా ఉంటారు.” పొట్లాలు పట్టుకొని లోపలికి వెళ్ళింది. గవర్రాజు తండ్రి జేబువైపు చూశాడు. పోర్టు పాసు కవరు బయటకు పొడుచుకొని ఉంది. ఎప్పుడూ ఉండేదే. భార్య వెనకాల వెళ్ళాడు.

లోపల గ్లాసుల చప్పుడు మొదలయ్యాక నిఖిత కాగితాలు పుస్తకంలోంచి చింపి మడత పెట్టింది. మడత వంకరగా వచ్చింది, విప్పి మళ్ళీ పెట్టింది.

“కార్డు?” అంది గొంతు తగ్గించి.

“కార్డు నాకాడే. మంగళారం జడ్జీ గారి సేతికిస్తాను. నోటితో కూడా సెప్తాను. ఎంతసేపైనా సెప్తాను. ఆళ్ళ పని ఆపుకొని ఇనాలి.”

“మరి ఇది?”

“కోర్టులో తవిటయ్య నా ఎదురుగా కూకుంటాడు. అందరితోబాటు అక్కడ ఇనకూడదు. ముందే ఇనాలి. రేపు పొద్దున్నే కాలనీకి ఎల్లు. ఇంట్లో కాలేజీ అని సెప్పకు. ఎక్కడికని అడిగితే కాలనీకనే సెప్పు. తవిటయ్యకి సదువు రాదు. ఆడి పెళ్ళానికి కూడా రాదు. నువ్వే సదవాలి. ‘బాగున్నావా అని అడిగినావంట కదా తాతా, దానికి మా తాత జవాబు పంపినాడు’ అని ముందు సెప్పు. గెంటేస్తే గుమ్మంలోనే నిలబడి సదువు. మధ్యలో ఆడు లేచి ఎల్లిపోతే, వచ్చినాక ఆగిన కాడి నుంచి సదువు. నెమ్మదిగా సదువు, నాను సెప్పినంత నెమ్మదిగా. కుడిచెవి ఇనపడదు ఆడికి. ఎడమపక్కన కూకొని మొత్తం సదివి ఇనిపించు మనవరాలా.”